మా మొల్ల పేరు కాగితం మీదికెక్కడానికి నాలుగు నెలలు పట్టింది

నిన్న సాయంత్రం పాప బర్త్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. తెలుగులో 'మొల్ల'. ఇంగ్లీషులో ఎం, ఓ, రెండు ఎల్‌లు, ఎ. రెండూ సరిగ్గా ఉన్నాయి. ఆఫీసు మెట్ల మీదే నిలబడి నాలుగుసార్లు చదువుకున్నాను. ఇంత చిన్న పేరు కోసం జులై నుంచి నవంబరు దాకా తిరిగాను. ఇంకెవరైనా ఇలాంటి పాత తెలుగు పేరు పెట్టుకుంటే పనికొస్తుందని ఇప్పుడే రాసేస్తున్నాను.

పాప మాఘ పున్నమి మర్నాడు పుట్టింది. పుబ్బ నక్షత్రం, మొదటి పాదం. ఆ పాదానికి అక్షరం 'మో'. అత్తయ్య మోక్షిత, మోహన, మోనిక అని ఒక కాగితం నిండా రాసి పెట్టారు. నేను మొల్ల అన్నాను. పంతులుగారు హ్రస్వమైనా దీర్ఘమైనా అదే అక్షరం, ఇబ్బంది లేదన్నారు. మా ఆయనకు ముందే ఇష్టం. అత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు గానీ, బారసాల నాడు బియ్యంలో పేరు రాసేటప్పుడు పక్కనే కూర్చున్నారు.

ఈ పేరు నేను పుస్తకంలో వెతికి తెచ్చింది కాదు. మాది బద్వేలు దగ్గర పల్లె. గోపవరం మాకు దగ్గరే. కవయిత్రి మొల్ల ఊరు అదేనని మావైపు చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. మా జేజి పెరట్లో మొల్ల పొద ఉండేది. అదీ మల్లె జాతే. సంస్కృతంలో కుందం అంటారు. ఎండాకాలం మల్లెలు ఊరంతా దొరుకుతాయి గానీ, చలికాలంలో జడలోకి తెల్లపూలు కావాలంటే ఆ పొదే దిక్కు. జేజి పొద్దున్నే మంచులో తడిసిన పూలు కోసుకొచ్చి, మొల్ల రాసిన రామాయణంలో పద్యాలు పాడుతూ మాల కట్టేది. అందుకే పాప పుట్టినరోజు కిటికీలోంచి చలిగాలి వస్తుంటే నాకు వేరే పేరు తోచలేదు.

ఆతుకూరి మొల్ల 16వ శతాబ్దపు కవయిత్రి. తండ్రి కేసన. ఆరు కాండల రామాయణాన్ని దాదాపు 870 గద్య పద్యాల్లో రాసింది. నేనేమీ చదువుకోలేదు, ఈ కవిత్వం శ్రీకంఠ మల్లేశ్వరుడు ఇచ్చిందే అని మొదట్లోనే చెప్పుకుంది. తేనె నాలుక మీద పడగానే తీపి తెలిసినట్టు పద్యం వినగానే అర్థం తెలియాలనీ, తెలియని మాటలు కూర్చి రాస్తే అది మూగవాళ్ళూ చెవిటివాళ్ళూ ముచ్చట్లాడుకున్నట్టు ఉంటుందనీ కూడా ఆమే అంది. అయిదు వందల ఏళ్ళ కిందట ఒక ఆడమనిషి అంత ధైర్యంగా చెప్పిన మాట అది. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ఆమె విగ్రహం ఉంది. 2017లో తపాలా బిళ్ళ కూడా వేశారు. ఇంత పేరున్నా, పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు నాకు ఇప్పటిదాకా ఒక్కరూ ఎదురుపడలేదు. మల్లికలూ మల్లీశ్వరులూ మాత్రం వీధికొకరు ఉన్నారు.

మా ఆఫీసులో ఒక తమిళావిడ ఉంది. పేరు చెప్పగానే "ముల్లైయా!" అంది. వాళ్ళ సంగం కవిత్వంలో అడవి ప్రాంతానికి, భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలి పాటలకు ఆ పువ్వు పేరే పెట్టుకున్నారట. అల్లుకోవడానికి ఆధారం లేని ముల్లై తీగకు పారి అనే రాజు తన రథాన్నే ఇచ్చేసిన కథ కూడా చెప్పింది. కన్నడంలో మొల్లె. మూడు భాషల్లోనూ మల్లె జాతి పువ్వుకే, దాదాపు ఒకే మాట. ఆ రోజు ఇంటికొచ్చి పాపను ఎత్తుకుని ఆ కథ మొత్తం చెప్పాను. దానికప్పుడు నాలుగు నెలలు.

ఇక కాగితాల సంగతి. పుట్టిన వారంలోనే ఆసుపత్రివాళ్ళు వివరాలు పంపారు. పుట్టుక 21 రోజుల్లోపు నమోదైతే ఫీజు లేదు. పేరు లేకుండా సర్టిఫికెట్ వచ్చింది. పేరు తర్వాత ఎక్కించుకోవచ్చు. పన్నెండు నెలల్లోపైతే దానికీ ఫీజు లేదు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ళ దాకా గడువు ఉంటుంది. ఇంతవరకూ ఏ తలనొప్పీ లేదు.

పాపకు అయిదో నెల వచ్చాక పేరు ఎక్కించడానికి వెళ్ళాను. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, పాపను చంకనేసుకుని ఒక్కదాన్నే పోయాను. గంటన్నర లైన్లో నిలబడ్డాక కౌంటర్ దగ్గరాయన నా ఫారం తీసుకుని పేరు దగ్గర ఆగాడు.

"ఏం పేరమ్మా ఇది? మొలా?"

"మొల్ల అండీ. లకి ల వత్తు."

"మొలలకి మందు ఇక్కడివ్వరమ్మా, ఆసుపత్రికి పోండి."

పక్క టేబుల్ ఆయన నవ్వాడు. నా వెనక లైన్లో కూడా కొందరు నవ్వారు. నా మొహం కాలిపోయింది. పాప ఏడుపు మొదలుపెట్టింది. అక్కడితో వదిలేసినా బాగుండేది. ఆయన ఫారం తిప్పి చూసి, గొంతు తగ్గించి, "మీరు కుమ్మరోళ్ళా?" అనడిగాడు. ఎందుకండీ అన్నాను. "ఆ పేరు వాళ్ళది కదా, మీకెందుకు? మోక్షిత అని రాసేదా, ఇప్పుడే కొట్టిస్తా" అన్నాడు.

అంటే మొల్ల ఎవరో ఆయనకు తెలుసు. తెలిసే మొలల మాట అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. "నేను రాసిందే ఎక్కించండి" అని మాత్రం అనగలిగాను. బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చుని పాపకు పాలిస్తూ ఏడ్చాను.

ఆ రోజు అనలేకపోయిన మాట ఇప్పుడంటాను. కుమ్మర మొల్ల అని జనం పిలుచుకునేది గౌరవంతో. మట్టితో కుండ చేసే ఇంట్లోంచి రామాయణం వచ్చిందని మా జేజి చేతులు జోడించి చెప్పేది. మా ఇంట్లో ఆ కులం లేదు. అయినా ఆ పేరు నాది కాదనడానికి ఎవరికీ హక్కు లేదు. తెలుగు మాట్లాడే ప్రతి ఇంటికీ ఆ పేరు మీద హక్కుంది. కవిత్వానికి కులం సర్టిఫికెట్ అడిగేవాళ్ళ చేతిలో మన పిల్లల పేర్లు ఉండటం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

మూడు వారాల తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. తెలుగులో 'మోల్లా'. ఇంగ్లీషులో ఓ బదులు యు పడి 'ముల్లా' అయింది. వెళ్ళి అడిగితే, మీరు రాసిందే కొట్టాం అన్నారు. నా అదృష్టం, ఫారం ఇచ్చేముందు ఫోన్లో ఫొటో తీసుకున్నాను. అది చూపించాక మాట మార్చారు. పేరు మార్పు కాబట్టి గజెట్‌లో వేయించుకుని రమ్మన్నారు. జిరాక్స్ షాపు అతను అంతా నేను చూసుకుంటానని మూడు వందలు తీసుకుని, మళ్ళీ అదే మోల్లాతో అప్లికేషన్ పెట్టాడు. దయచేసి ఇలాంటి పని మధ్యవాళ్ళకు ఇవ్వకండి.

నేను అడిగింది పేరు మార్పు కాదు, రిజిస్టరులో పడిన తప్పు దిద్దమని. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో 15వ సెక్షన్ దీనికోసమే ఉంది. తప్పు పడిందని తేలితే రిజిస్ట్రారు పాత నమోదు చెరపకుండా పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆ సెక్షన్ నంబరు వేసి తెల్లకాగితం మీద అర్జీ రాశాను. ఫారం ఫొటో ప్రింటు, ఆసుపత్రి కాగితం, మా ఇద్దరి ఆధార్ జత చేశాను. రెండో కాపీ మీద స్టాంపు వేసి ఇచ్చేదాకా అక్కడినుంచి కదల్లేదు. మొదట కుదరదన్నారు. కుదరదనే రాసిమ్మన్నాను, అప్పుడు వేశారు. మీరు కూడా స్టాంపు లేకుండా ఏ కాగితమూ ఇచ్చి రాకండి. నోటిమాటగా చెప్పింది ఏదీ అక్కడ నిలవదు.

చివరికి పని చేసిపెట్టింది కొత్తగా చేరిన ఒక అమ్మాయి. ఇంగ్లీషులో పేరు కొడితే కంప్యూటరు తనంతట తానే తెలుగులోకి మారుస్తోంది, దీర్ఘాలు అక్కడే పడుతున్నాయి. ఆ అమ్మాయి తెలుగు కీబోర్డు పెట్టుకుని, స్క్రీన్ నావైపు తిప్పి, "అక్కా, మీరు చెప్పండి, నేను కొడతా" అంది. మ, కొమ్ము కాదు, ఒత్వం. ల, కింద వత్తు. దీర్ఘం లేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కౌంటర్ ఆయన ఆ రోజు తన కుర్చీలోనే ఉన్నాడు. నావైపు చూడలేదు. ఆ అమ్మాయికి మాత్రం మా అమ్మ చేసిన అరిసెలు పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చాను.

ఈ రోజు పొద్దున బాల ఆధార్‌కు కూడా వెళ్ళొచ్చాం. అయిదేళ్ళలోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు, తల్లి లేదా తండ్రి ఆధార్ ఉండాలి. అక్కడా మొదట మోల్లా అనే వచ్చింది. మనవైపు ఉండే స్క్రీన్ చూసుకోకుండా సరే అనకండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. ఈసారి నేను చెప్పేలోపే అత్తయ్య కుర్చీ ముందుకు లాక్కుని, "బాబూ, దీర్ఘం తీసెయ్. మా మనవరాలి పేరు మొల్ల" అన్నారు.