మా కంప్యూటర్‌లో అప్‌డేట్ ఎందుకు ఆగిందంటే... (నా అనుభవం)

మూడు రోజుల్లో నాలుగుసార్లు ఫెయిలైంది. విండోస్ అప్‌డేట్ డౌన్‌లోడ్ అయ్యేది, రీస్టార్ట్ అడిగేది, సగం దాటాక ఆగిపోయేది. ఆ తర్వాత చేసిన మార్పులన్నీ వెనక్కి తీసేసుకుని పాత స్థితికి వచ్చేసేది. ఒక్కోసారి ఈ తతంగానికి గంటన్నర పట్టేది. వదిలేద్దామంటే మనసొప్పలేదు. నెలనెలా రెండో మంగళవారం వచ్చే ఈ అప్‌డేట్లలో భద్రతకు సంబంధించిన సవరణలుంటాయి. నా బ్యాంకు పనులన్నీ ఈ డెస్క్‌టాప్‌లోనే. ఏడేళ్ల పాతదైనా ఇంట్లో అందరికీ ఇదే ఆధారం.

అప్‌డేట్ హిస్టరీలో ఎర్రర్ కోడ్ చూశాను. 80070070 అని చదువుకున్నాను. వెతికితే డిస్క్‌లో చోటు చాలనప్పుడు వచ్చే కోడ్ అని తెలిసింది. దాంతో రెండు రోజులు చోటు ఖాళీ చేయడమే పని. డిస్క్ క్లీనప్ నడిపాను, వాడని ప్రోగ్రాములు తీసేశాను. 60 జీబీ ఖాళీ అయ్యాక కూడా అదే తీరు.

తర్వాత డౌన్‌లోడ్ సరిగ్గా దిగలేదేమో అనిపించింది. దిగిన అప్‌డేట్ ఫైళ్లు విండోస్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్‌లో చేరతాయి. అప్‌డేట్ సర్వీసును, వెనకాల డౌన్‌లోడ్ చేసే బిట్స్ సర్వీసును ఆపి, ఆ ఫోల్డర్ పేరు మార్చేస్తే విండోస్ కొత్తది తయారుచేసుకుని అన్నీ మళ్లీ దించుకుంటుంది. చాలామందికి ఇక్కడితోనే సమస్య తీరిపోతుంది. నాకు తీరలేదు.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, కోడ్ ఒక్కో అంకే చదివి చెప్పు" అన్నాడు. చదువుతుంటే అప్పుడు కనబడింది, అది 80070070 కాదు, 80070570. మధ్యలో ఒక్క అంకె తేడా. మొదట 8007 ఉంటే చివరి నాలుగు అంకెలు విండోస్ మామూలు ఎర్రర్ నంబరే, కాకపోతే హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఉంటుందని తమ్ముడు వివరించాడు. 0070 అంటే 112, డిస్క్ నిండింది. 0570 అంటే 1392, ఫైలో ఫోల్డరో పాడైపోయి చదవడానికి రావడం లేదు. అంటే రెండు రోజులు నేను సంబంధంలేని పని చేశాను. అందుకే ఎవరైనా అడిగితే ముందుగా చెప్పేది ఇదే: కోడ్‌ను కాగితం మీద రాసుకుని, రెండోసారి సరిచూసుకోండి.

పాడైన సిస్టమ్ ఫైళ్లను బాగుచేయడానికి విండోస్‌లోనే రెండు పనిముట్లున్నాయి: ఎస్ఎఫ్‌సీ, డిస్మ్. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నడపాలి. ఎస్ఎఫ్‌సీ పాడైన ఫైలును తీసి మంచి ప్రతి పెడుతుంది. ఆ మంచి ప్రతులుండే నిల్వే చెడిపోతే అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకని ముందు డిస్మ్‌తో ఆ నిల్వను బాగుచేసి, తర్వాత ఎస్ఎఫ్‌సీ నడపాలి. డిస్మ్ 62 శాతం దగ్గర చాలాసేపు కదలకుండా ఉండిపోయింది. టెన్షన్ పడి విండో మూసేయకుండా ఓపిక పట్టడం మంచిదైంది, చివరికి పూర్తయింది. ఎస్ఎఫ్‌సీ కూడా పాడైన ఫైళ్లు దొరికాయి, బాగుచేశాను అంది. ఎంతో ఆశగా అప్‌డేట్ పెట్టాను. మళ్లీ ఫెయిల్.

మర్నాడు ఎస్ఎఫ్‌సీ ఇంకోసారి నడిపితే మళ్లీ పాడైన ఫైళ్లు దొరికాయి. నిన్న బాగైనవి ఈరోజుకి ఎలా చెడిపోయాయి? నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. కంప్యూటర్‌లో జరిగే సంగతులు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి చూస్తే, డిస్క్ పేరుతో ఈవెంట్ 7 వరసగా కనిపించింది. డిస్క్‌లో బ్యాడ్ బ్లాక్, అంటే చెడిపోయిన చోటు ఉందని దానర్థం. రెండు నెలల నుంచీ నమోదవుతూనే ఉన్నాయి, మేం చూడలేదు. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్కల్ని ఒక ఉచిత ప్రోగ్రాంలో చూశాను. చెడిపోయిన సెక్టార్లకు (డేటా దాచే చిన్న చిన్న గళ్లకు) బదులు వేరేవి కేటాయించిన లెక్క, చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క రెండూ సున్నా ఉండాలి. రెండూ సున్నా లేవు. రెండోది సాయంత్రానికి ఇంకా పెరిగింది.

ఇక అప్‌డేట్ సంగతి పక్కన పెట్టేశాను. అందులో పదేళ్ల ఫొటోలున్నాయి. డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్‌తో పూర్తి స్కాన్ పెట్టాలని చెయ్యి పోయింది గానీ ఆగాను. అది డిస్క్‌లోని ప్రతి సెక్టారునూ చదువుతుంది, పోతున్న డిస్క్‌కి ఆ శ్రమ ప్రాణాంతకం కావచ్చు. ముందు కాపీ, తర్వాతే రిపేరు. అమ్మ ఫొటోల ఫోల్డర్‌తో మొదలుపెట్టి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి రాత్రంతా కాపీ చేశాను. పదకొండు ఫొటోలు చదవడానికి రాలేదు. విడివిడిగా, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే ఎనిమిది వచ్చాయి.

హార్డ్ డిస్క్ బదులు వాడే కొత్త ఎస్ఎస్‌డీ తెచ్చాక పాత డిస్క్‌ను క్లోన్ చేయాలా (ఉన్నదున్నట్టు నకలు తీయాలా), విండోస్ కొత్తగా ఎక్కించాలా అని ఆలోచించాం. క్లోన్ చేస్తే పాడైన ఫైళ్లు కూడా పాడైనట్టే వచ్చేస్తాయి కదా. అందుకే వేరే కంప్యూటర్‌లో యూఎస్‌బీ తయారుచేసుకుని కొత్తగా ఎక్కించాను. ప్రోగ్రాములన్నీ తిరిగి పెట్టుకోవడం విసుగే అయినా ఒక్కరోజు పని. అన్నిరోజులు సతాయించిన ఆ అప్‌డేట్ ఇరవై నిమిషాల్లో ఎక్కేసింది.

ఇప్పుడు నెలకోసారి, అప్‌డేట్ వచ్చిన రోజే, స్మార్ట్ లెక్కలు చూసి ఫొటోలు బ్యాకప్ తీస్తున్నాను. పాత హార్డ్ డిస్క్‌ను మాత్రం పారేయలేదు. కవర్లో పెట్టి, మీద తేదీ రాసి బీరువాలో దాచాను. డేటా రికవరీ చేసేవాళ్లకి ఇచ్చి చూడాలి. అమ్మవి ఇంకా మూడు ఫొటోలు అందులోనే ఉన్నాయి.