జీఐ పైపులు వెల్డ్ చేసిన రాత్రి

వెల్డింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి మూడో నెల. అంతవరకు నేను అతికించినవన్నీ మామూలు ఉక్కు (ఎంఎస్) ప్లేట్లు, యాంగిళ్ళే. ఆ రోజు మొదటిసారి జీఐ పైపులు, అంటే తుప్పు పట్టకుండా జింక్ పూత పూసిన ఇనుప పైపులు చేతికొచ్చాయి, రెయిలింగ్ జాబ్. నాకిచ్చిన చోటు షెడ్డులో ఒక మూల. రెండు వైపులా గోడలు. జల్లు లోపలికి కొడుతోందని షట్టర్ సగం దించేశారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది గానీ, అది అవతలి గోడకు ఎక్కడో పైన తిరుగుతోంది.

వెల్డింగ్ రాడ్ తగిలించగానే తేడా తెలిసింది. ఎప్పుడూ చూడనంత దట్టంగా తెల్లపొగ లేచింది. బీడ్‌కి (అతుకు గీతకి) రెండు పక్కలా తెల్లటి బూడిద పేరుకుంది. దూదిపింజల్లాంటి తునకలు గాల్లో తేలుతూ వచ్చి నా గ్లవ్స్ మీద, చొక్కా చేతుల మీద వాలాయి. ఊదితే లేచిపోయాయి. పొగలో జాయింట్ కనపడక ఇంకా కిందికి వంగి, హెల్మెట్ దాదాపు జాబ్‌కి ఆనించినంత దగ్గరగా పెట్టి పని చేశాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళం అందరం చేసేదే ఇది. కనపడకపోతే వంగుతాం. పొగ నిట్టనిలువుగా లేచి గడ్డం కిందినుంచి హెల్మెట్‌లోకి వచ్చేస్తుంది. డార్క్ గ్లాస్ కళ్ళను కాపాడుతుంది, ముక్కుకు దానివల్ల ఉపయోగమేమీ లేదు. నేను ముక్కుకు గుడ్డ కట్టుకుని, అది చాలనుకున్నాను. పదకొండింటి నుంచి మూడున్నర దాకా, మధ్యలో భోజనానికి తప్ప, ఆ మూలలోంచి కదల్లేదు.

సాయంత్రం గొంతు కాస్త ఆరిపోయినట్టు ఉంది, అంతే. మా సీనియర్ అన్న నా చొక్కా మీది తెల్లపొడి చూసి, "జీఐ చేశావా తమ్ముడూ? ఇంటికెళ్ళి ఒక గ్లాసు పాలు తాగి పడుకో, విరుగుడు" అన్నాడు. తాగాను. పాలు వెళ్ళేది కడుపులోకి, పొగ వెళ్ళింది ఊపిరితిత్తుల్లోకి. ఇప్పుడు ఆలోచిస్తే ఎంత తేలికైన విషయం! అయినా వెల్డర్ల మధ్య ఈ మాట తరాలుగా తిరుగుతూనే ఉంది.

రాత్రి తొమ్మిదింటికి దాహమేసి నీళ్ళు తాగితే నోట్లో నాణెం పెట్టుకున్నట్టు అనిపించింది. గ్లాసు తేడా అనుకుని ఇంకో గ్లాసులో పోసుకున్నాను. అదే రుచి. పదింటికల్లా చలి మొదలైంది. మామూలు చలి కాదు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ఆపుదామన్నా ఆగడం లేదు. అమ్మ రెండు దుప్పట్లు కప్పి, మీద ఇంకోటి వేసింది. జ్వరం 102 దాటింది. నడుము, తొడలు, మెడ అన్నీ ఎవరో కర్రతో బాదినట్టు నొప్పి. ఊపిరి గట్టిగా పీలిస్తే ఛాతీ మధ్యలో పట్టేసినట్టు ఉంటోంది, వెంటనే పొడి దగ్గు. అర్ధరాత్రి దాటాక అమ్మ భయపడిపోయి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టర్ వైరల్ ఫీవర్ అయి ఉంటుందని మాత్ర ఇచ్చి పంపేశారు. నేను ఏం పని చేస్తానో ఆయన అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. ఈ రెండో విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తెల్లవారేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టి జ్వరం దిగింది కానీ ఛాతీ పట్టు వదల్లేదు. ఈసారి వేరే ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టకముందే అడిగిన మొదటి ప్రశ్న, "మీరేం పని చేస్తారు?" వెల్డింగ్ అనగానే వరసగా ప్రశ్నలు వేశారు. నిన్న ఏ లోహం? దాని మీద ఏం పూత? పెయింట్ ఉందా? అతికించే ముందు ఏదైనా కెమికల్‌తో తుడిచారా? తలుపులు తెరిచే ఉన్నాయా? జీఐ అని చెప్పాక, "అన్నీ జీఐ పైపులేనా, ఇంకేమైనా వెల్డ్ చేశారా?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, పసుపు రంగులో మెరిసే బ్రాకెట్లు రెండు కూడా వెల్డ్ చేశాను. ఆమె ముఖం మారింది.

ఎందుకో ఆమే విడమరిచి చెప్పారు. జింక్ పొగ వల్ల వచ్చేదాన్ని మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. పొగ పీల్చిన నాలుగు నుంచి పది గంటల్లో మొదలవుతుంది, అచ్చం ఫ్లూలా ఉంటుంది, చాలామందికి ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. కాడ్మియం అనే ఇంకో లోహపు పూత పొగ కూడా మొదట్లో ఇలాగే కనిపిస్తుంది. అది మాత్రం దానంతట అదే తగ్గిపోతుందని నమ్మలేం. ఒకటి రెండు రోజుల్లో ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి, ప్రాణం తీయగలదు. కాడ్మియం పూసినదీ, మీద పసుపు రసాయనపు పొర ఎక్కించిన (పాసివేషన్) జింక్ పూతా కంటికి ఒకేలా ఉండొచ్చు. అలాగే క్లోరిన్ ఉన్న డీగ్రీజర్‌తో, అంటే జిడ్డు తీసే ద్రావకంతో తుడిచి, ఆరకముందే ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) కొడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. అందుకే అన్ని ప్రశ్నలు.

ఆసుపత్రి వరండాలోంచి అన్నకు ఫోన్ చేశాను. ఆ బ్రాకెట్లు ఎక్కడివో కనుక్కుని చెప్పడానికి ఆయనకు ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంట నేను కుర్చీలో కూర్చుని, వేలికి తగిలించిన ఆక్సీమీటర్‌లో అంకె చూస్తూనే ఉన్నాను. 96. 95. మళ్ళీ 96. అమ్మ నా రెండో చెయ్యి పట్టుకుని కూర్చుంది. చివరికి ఫోన్ వచ్చింది: మిగిలిపోయిన కొత్త సరుకే, బిల్లులో జింక్ ప్లేటింగ్ అని ఉంది. ఎక్స్‌రే కూడా మామూలుగానే వచ్చింది. రక్తంలో తెల్లకణాలు మాత్రం పెరిగి ఉన్నాయి, ఈ జ్వరంలో అది ఉండేదేనట. అయినా డాక్టరమ్మ మరుసటి ఉదయం దాకా అక్కడే ఉంచి గమనించారు.

జ్వరం మళ్ళీ రాలేదు. ఒళ్ళు నొప్పులు ఇంకో రెండు రోజులు. దగ్గు మాత్రం పది రోజులకు పైగా వదల్లేదు, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఆ పది రోజుల్లో ఎంతోమంది వెల్డర్లతో మాట్లాడాను. దాదాపు ప్రతి ఒక్కరికీ ఒక్కసారైనా వచ్చింది. "మూడు నాలుగు సార్లు వస్తే అదే అలవాటైపోద్దిలే" అన్నవాళ్ళే ఎక్కువ. ఆ మాటలో కొంత నిజం ఉండబట్టే అది ప్రమాదకరం. రోజూ పీలుస్తుంటే కొద్దికాలం జ్వరం రాకుండా ఒళ్ళు తట్టుకుంటుంది. ఒకటి రెండు రోజులు సెలవు పెడితే ఆ తట్టుకునే గుణం పోతుంది. అందుకే దీనికి సోమవారం జ్వరం అని పేరు. 19వ శతాబ్దంలో ఇత్తడి పోత పోసే కార్మికుల్లోనే దీన్ని గుర్తించారు. జ్వరం రాలేదంటే పొగ లోపలికి వెళ్ళలేదని అర్థం కాదు. వెల్డింగ్ పొగను, అది ఏ లోహానిదైనా సరే, మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో చేర్చింది. రెండు రోజుల్లో తగ్గిపోయే జ్వరాన్ని చూసి మనం ధైర్యం తెచ్చుకుంటున్నాం. అది ఒళ్ళు మనకిచ్చే హెచ్చరిక అని నా గట్టి నమ్మకం.

తిరిగి పనిలోకి వెళ్ళేముందు అన్నతో కూర్చుని మాట్లాడాను. ఆయన తప్పుగా అనుకోలేదు. "మాకు చెప్పినవాళ్ళు లేర్రా, ఉంటే వినేవాళ్ళం" అన్నాడు. మేనేజర్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఎక్కడికంటే అక్కడికి జరుపుకోగలిగే పొగ లాగే యంత్రం వచ్చేదాకా రెండు వారాలు పట్టింది. అందాకా జీఐ జాబ్‌లు షెడ్డు బయట పందిరి కింద చేశాం.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. జాయింట్‌కి రెండు పక్కలా రెండేసి అంగుళాలు పూత గ్రైండ్ చేసి, కింద ఇనుము బయటపడ్డాకే రాడ్ పట్టుకుంటాను. గ్రైండింగ్ దుమ్ము కూడా జింకే కాబట్టి అప్పుడూ మాస్కు ఉంటుంది. పైపు లోపలి పూతను పూర్తిగా తియ్యలేం, అందుకే గ్రైండ్ చేశాం కదా అని మాస్కు తియ్యకూడదు. గుడ్డ గానీ సర్జికల్ మాస్కు గానీ ఈ పొగను ఆపవు, రేణువులు అంత సన్నం. హెల్మెట్ కింద పట్టే హాఫ్ మాస్కు, దానికి అతి సన్నటి రేణువులను ఆపే పీ100 ఫిల్టర్లు వాడుతున్నాను. గడ్డం ఉంటే అంచు అతుక్కోదని గడ్డం తీసేశాను. ఫ్యాన్ వీపు వెనక పెట్టుకునేవాణ్ణి, అప్పుడు పొగ మన ఛాతీ ముందే సుడి తిరుగుతుంది. ఇప్పుడు పక్కనుంచి అడ్డంగా తగిలేలా పెడతాను. ఎంఐజీ (రాడ్ బదులు తీగ, గ్యాస్‌తో చేసే వెల్డింగ్) అయితే ఆ గాలి అతుకును కాపాడే షీల్డింగ్ గ్యాస్‌ను చెదరగొడుతుంది కాబట్టి అప్పుడు పొగ లాగే గొట్టమే దిక్కు, దాన్ని ఆర్క్‌కి జానెడు దూరంలోకి జరుపుకుంటాను. జాబ్‌ను తిప్పుకుని, తల పొగ దారిలో లేకుండా చూసుకోవడం అన్నిటికంటే కష్టంగా అలవాటైంది. మెడ దానంతటదే కిందికి వంగిపోయేది.

జేబులో ఒక చిన్న నోట్‌బుక్ కూడా ఉంటుంది. తేదీ, ఏ లోహం, ఏ పూత, ఏ రాడ్, దేనితో తుడిచాను. పూత ఏమిటో తెలియని ముక్క వస్తే తెలిసేదాకా పక్కన పెడతాను.

మళ్ళీ జీఐ జాబ్ వచ్చింది ఒక సోమవారమే. అవే పైపులు, ఇంకో రెయిలింగ్. సాయంత్రం చొక్కా చేతులు దులిపి చూసుకున్నాను, తెల్లపొడి దాదాపు లేదు. ఫిల్టర్లు మాత్రం బూడిద రంగుకు తిరిగాయి. ఆ రాత్రి తొమ్మిదింటికి అమ్మ నీళ్ళ గ్లాసు చేతికిచ్చి, ఏమీ అడక్కుండా నా ముఖమే చూస్తూ నిలబడింది. తాగాను. నీళ్ళ రుచే ఉంది.