క్రాస్ రియాక్టివిటీ: సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రాసేవాళ్లకు ప్రిపరేషన్ అనుభవాలు

ఏయూ హాస్టల్లో చదువుతున్నా, ద్వారకానగర్ కోచింగ్‌కి వెళ్తున్నా, క్రాస్ రియాక్టివిటీని (ఒక పదార్థం కోసం తయారైన యాంటీబాడీ దాన్ని పోలిన ఇంకోదాన్నీ పట్టుకోవడం) యూనిట్ 4లోని ఇమ్యునాలజీతో సరిపెట్టకండి. యూనిట్ 13లో ఆర్‌ఐఏ, ఎలైసా (యాంటీబాడీలతో పదార్థాల్ని కొలిచే పరీక్షలు) చదివేటప్పుడు దీన్నీ పక్కన పెట్టుకోవాలి. పార్ట్ సిలో ప్రశ్నకి 4 మార్కులు, తప్పయితే 1 పోతుంది. సగం తెలిసి పెట్టే జవాబుకి అక్కడ చోటు లేదు.

హెచ్‌సీజీ (గర్భంలో వచ్చే హార్మోన్), ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టీఎస్‌హెచ్ (ఈ మూడూ పిట్యూటరీ హార్మోన్లు) నాలుగింటికీ 92 అమైనో ఆమ్లాల ఆల్ఫా గొలుసు ఒకటే, తేడా బీటా గొలుసులోనే. మొత్తం హెచ్‌సీజీని జంతువుకి ఎక్కించి తీసిన, యాంటీబాడీలున్న సీరం ఎల్‌హెచ్‌నీ పట్టేది అందుకే. 1972లో వైటుకైటిస్ బృందం బీటా సబ్‌యూనిట్ మీద యాంటీసీరం తీసి ఈ చిక్కు విప్పింది. అయితే బీటాలు కూడా చాలావరకు ఒకేలా ఉంటాయి. హెచ్‌సీజీ బీటాలో 145 అమైనో ఆమ్లాలు, ఎల్‌హెచ్ బీటాలో 121. ఆ అదనపు తోక మీద కూర్చునే యాంటీబాడీ ఎల్‌హెచ్‌ని వదిలేస్తుంది. కాకపోతే అలాంటివాటికి అఫినిటీ (పట్టు బలం) తక్కువగా ఉండటం మామూలే. స్పెసిఫిసిటీ (దేన్ని మాత్రమే పడుతుంది) వేరు, అఫినిటీ వేరు. ఆప్షన్లలో ఈ రెండింటినీ కలిపేస్తే అనుమానించండి.

అసలు తిరకాసంతా స్టెరాయిడ్ల దగ్గరే. అవి హాప్టెన్లు, అంటే ఒంటరిగా యాంటీబాడీలు పుట్టించలేని చిన్న అణువులు, కాబట్టి బీఎస్‌ఏ (ఆవు సీరం ఆల్బ్యుమిన్) లాంటి క్యారియర్ ప్రోటీన్‌కి అతికించాలి. అతికించిన చోటు యాంటీబాడీకి సరిగా కనబడదు. టెస్టోస్టెరాన్‌ని 3వ కార్బన్ దగ్గర అతికిస్తే, పక్కనే 4-5 డబుల్ బాండ్ లేని డీహెచ్‌టీని (డైహైడ్రోటెస్టోస్టెరాన్) కూడా పట్టేస్తుంది. 17 దగ్గర అతికిస్తే అక్కడే తేడా ఉన్న ఆండ్రోస్టెనీడయోన్‌తో తికమక. ఈస్ట్రడయాల్‌ని 6 దగ్గర అతికించేది 3, 17 హైడ్రాక్సిళ్లు రెండూ బయటికి ఉండాలనే. కాబట్టి నిర్మాణాలు బట్టీ కొట్టకుండా, గీసి తేడా ఉన్న కార్బన్ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టండి.

క్రాస్ రియాక్టివిటీ శాతం లెక్క చిన్నదే. కార్టిసాల్ యాంటీబాడీ ఉన్న పరీక్షలో 50 శాతం డిస్‌ప్లేస్‌మెంట్‌కి (లేబుల్ వేసిన హార్మోన్‌ని సగం తప్పించడానికి) కార్టిసాల్ 10 నానోగ్రాములు, ప్రెడ్నిసొలోన్ 40 కావాల్సి వచ్చాయనుకోండి: 10/40 × 100 = 25 శాతం. తిరగేస్తే 400 వస్తుంది, ఆ అంకె కూడా ఆప్షన్లలో ఉండొచ్చు. ఎక్కువ కావాల్సి వచ్చిందంటే యాంటీబాడీ దాన్ని బలహీనంగా పట్టుకుందని అర్థం.

శాండ్‌విచ్ పరీక్షలో (కొలిచే అణువుని రెండు యాంటీబాడీల మధ్య పట్టేది) రెండు యాంటీబాడీలు వేర్వేరు ఎపిటోప్‌లను (యాంటీబాడీ అతుక్కునే చోట్లను) పట్టాలి కాబట్టి ఒకటి ఆల్ఫా మీద ఉన్నా, రెండోది బీటాకే ప్రత్యేకమైతే నష్టం లేదు. స్టెరాయిడ్‌కి రెండు చోట్ల కూర్చునేంత జాగా ఉండదు, కాంపిటిటివ్ పరీక్షే (లేబుల్ వేసిన అణువుతో పోటీ పెట్టేది) వాడతారు. హెచ్‌సీజీ మరీ ఎక్కువుంటే రెండు యాంటీబాడీలూ విడివిడిగా నిండిపోయి రీడింగ్ పడిపోతుంది, అదే హుక్ ఎఫెక్ట్. శాంపిల్‌ని డైల్యూట్ చేసి మళ్లీ పెడితే విలువ పెరుగుతుంది.