అవైలబుల్ అని చూపించిన డొమైన్లు అసలు ఖాళీగా లేవు: బల్క్ చెకింగ్‌లో ప్రాక్సీల సంగతి

కొన్నాళ్ళ కిందట 40,000 పేర్ల లిస్టు ఒకటి బల్క్ చెకర్‌లో, అంటే ఏ డొమైన్ పేర్లు ఇంకా ఎవరూ కొనలేదో ఒకేసారి చూసిపెట్టే టూల్‌లో వేశా. కొన్ని ఎక్స్‌పైర్ అయిన డొమైన్లు, మిగతావి నేను కీవర్డులు కలిపి తయారుచేసుకున్నవి. 50 థ్రెడ్స్ (ఒకేసారి 50 పేర్లు అడిగేలా) పెట్టి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే వేలకి వేలు పచ్చ రంగులో 'అవైలబుల్' అని ఉన్నాయి, అందులో ఐదక్షరాల మామూలు పదాలు కూడా ఉన్నాయి, అలాంటివి ఎవరో ఒకరు ఎప్పుడో కొనేసే ఉంటారు కదా. రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) సైట్‌కి వెళ్ళి ఒక్కొక్కటే కొట్టి చూశా, వరసగా 20 చూస్తే 17 ఆల్రెడీ తీసుకున్నవే.

సాఫ్ట్‌వేర్ లాగ్ తెరిచి, సర్వర్ నుంచి వచ్చిన అసలు జవాబులు చదివితే గానీ విషయం అర్థం కాలేదు. మొదటి కొన్ని వందల పేర్లకి సరైన జవాబు వచ్చింది. ఆ తర్వాత నా ఐపీకి (నెట్‌లో నా కనెక్షన్ అడ్రసుకి) కోటా అయిపోయిందని ఒక లైను, ఇంకాసేపటికి ఆ లైను కూడా లేదు, కనెక్షన్ తెగిపోయి ఖాళీ జవాబు. ఆ టూల్ చూసేది ఒక్కటే, జవాబులో రిజిస్ట్రార్ పేరున్న లైను ఉందా లేదా అని. ఉంటే తీసుకున్నారు, లేకపోతే ఖాళీ. అంటే సర్వర్ నన్ను బ్లాక్ చేసిన ప్రతిసారీ నా టూల్ నాకు శుభవార్త చెప్పిందన్నమాట.

దీనికి కారణం హూఈజ్ పద్ధతిలోనే ఉంది, ఒక డొమైన్ ఎవరి పేరున రిజిస్టర్ అయిందో సర్వర్‌ని అడిగే పద్ధతి, నా టూల్ వాడింది ఇదే. అది 1982 నాటి ప్రోటోకాల్, పోర్ట్ 43కి (సర్వర్‌లో హూఈజ్ కోసం ఉంచిన నంబరు తలుపుకి) కనెక్ట్ అయి పేరు పంపితే ఉత్త టెక్స్ట్ వస్తుంది, అంతే. దొరికింది, దొరకలేదు, ఇప్పుడు ఆగు అని విడివిడిగా చెప్పే కోడ్‌లేవీ ఉండవు. ఒక్కో రిజిస్ట్రీ (డాట్ కామ్ లాంటి ఒక ఎక్స్‌టెన్షన్‌లోని పేర్ల లిస్టు మొత్తం ఉంచే సంస్థ) తనకి నచ్చిన మాటల్లో రాస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ మాటల్ని బట్టి ఊహించుకోవాల్సిందే.

సరే, ఐపీ బ్లాక్ అయింది కదా, ప్రాక్సీలు, అంటే మన ప్రశ్నని తమ ఐపీ నుంచి పంపించే మధ్యవర్తి సర్వర్లు, పెడితే సమస్య పోతుంది అనుకున్నా. ముందు నెట్‌లో దొరికిన ఫ్రీ ప్రాక్సీ లిస్టు వేశా. దయచేసి ఈ పని చెయ్యకండి. సగం పని చెయ్యవు, పనిచేసేవాటిలో కొన్ని హూఈజ్ జవాబు బదులు ఏదో ఎర్రర్ పేజీ పంపిస్తాయి, అందులో రిజిస్ట్రార్ లైను ఉండదు కాబట్టి మళ్ళీ 'అవైలబుల్'. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. పోర్ట్ 43 మీద ఎన్‌క్రిప్షన్ లేదు, మీరు నెలల తరబడి ఆలోచించి రాసుకున్న పేర్లన్నీ ఆ ప్రాక్సీ నడిపేవాడికి అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తాయి. వాడెవడో మనకి తెలీదు. డొమైన్ వేటలో మన దగ్గరుండే విలువైన వస్తువు ఆ లిస్టు ఒక్కటే, దాన్ని ముక్కూ మొహం తెలీనివాడి చేతిలో పెట్టడమేంటి చెప్పండి.

తర్వాత డబ్బులు పెట్టి డేటాసెంటర్ ప్రాక్సీలు (సర్వర్ కంపెనీల ఐపీలతో నడిచేవి) కొన్నా. ఒక్కటి కూడా కనెక్ట్ అవ్వలేదు, అన్నిట్లోనూ 403, అంటే అనుమతి లేదన్న ఎర్రర్. ఇది ఎందుకో తెలుసుకోడానికి రెండు రోజులు పట్టింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. హెచ్‌టీటీపీ ప్రాక్సీ ద్వారా వెబ్ కాని ట్రాఫిక్ పంపాలంటే కనెక్ట్ అనే మెథడ్ వాడాలి. చాలా ప్రాక్సీలు దాన్ని 443 పోర్ట్‌కే (హెచ్‌టీటీపీఎస్ వెబ్‌సైట్లు వాడేది) అనుమతిస్తాయి, అందరూ వాడే స్క్విడ్ సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్ సెట్టింగ్ కూడా అదే. 43 అడిగితే తలుపు వేసేస్తుంది. హూఈజ్ కోసం ప్రాక్సీ కావాలంటే సాక్స్5 అనే రకం తీసుకోవాలి, అది ఏ టీసీపీ పోర్ట్‌కైనా పనిచేసేలా తయారైంది, అయినా అమ్మేవాళ్ళు 43ని ఆపలేదు కదా అని కొనేముందే అడగండి. నేను అడగలేదు, డబ్బులు కూడా వెనక్కి రాలేదు.

ఇంకో సంగతి, 20 ఐపీలు కొంటే అన్నీ ఒకే 256 అడ్రసుల బ్లాక్ లోంచి ఇచ్చారు. కొన్ని సర్వర్లు మొత్తం బ్లాక్‌నే కలిపి లెక్కేసి ఆపేస్తాయి, అప్పుడు 20 ఉన్నా ఒకటున్నా తేడా ఉండదు. వేరువేరు సబ్‌నెట్లు (అడ్రసుల బ్లాకులు) కావాలని పట్టుబట్టి అడగాలి.

రెసిడెన్షియల్ ప్రాక్సీలు వాడమని చాలామంది చెప్తారు, మామూలు ఇళ్ళ కనెక్షన్లు కాబట్టి బ్లాక్ అవ్వవని. నేను వాడను. ఆ ఐపీ వెనక ఉన్న మనిషికి తన కంప్యూటర్ అద్దెకి పోతోందని తెలుసో లేదో మనకి తెలిసే దారి లేదు. 2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే నెట్‌వర్క్‌ని మూయించింది, ఫ్రీ వీపీఎన్ యాప్‌ల ముసుగులో జనాల కంప్యూటర్లలోకి దూరి 1.9 కోట్లకి పైగా ఐపీలని అమ్ముకున్న బాట్‌నెట్ అది. నాలుగు డొమైన్ల కోసం అలాంటిదాంట్లో కస్టమర్‌ని అవ్వడం నాకిష్టం లేదు.

ఇంత తిరిగాక తెలిసిందేంటంటే నేను అడగాల్సిన ప్రశ్నలే అన్ని లేవు. 40,000 పేర్లకీ హూఈజ్ ఎందుకు? ముందు డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరుకి ఐపీ వెతికిపెట్టే వ్యవస్థలో) ఆ పేరుకి నేమ్ సర్వర్లు (దాని వివరాలు చెప్పే సర్వర్లు) ఉన్నాయా అని చూస్తే చాలు, ఉన్నాయంటే ఎవరో తీసుకున్నట్టే, లిస్టులోంచి తీసెయ్యొచ్చు. ఇక్కడ ఒకటి గమనించండి, డీఎన్ఎస్ ప్రశ్నలు మామూలుగా యూడీపీలో (టీసీపీ కాకుండా డేటా పంపే ఇంకో పద్ధతి) పోతాయి, హెచ్‌టీటీపీ ప్రాక్సీ యూడీపీని మొయ్యదు, కాబట్టి టూల్‌లో ప్రాక్సీ ఆన్ అని ఉన్నా ఈ భాగం మీ సొంత ఐపీ నుంచే వెళ్తూ ఉండొచ్చు. నేనైతే సొంతంగా అన్‌బౌండ్ రిజాల్వర్ (డీఎన్ఎస్ జవాబులు వెతికే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని నిదానంగా నడుపుతా. జీటీఎల్‌డీలైతే (డాట్ కామ్ లాంటి, దేశాలకి చెందని ఎక్స్‌టెన్షన్లు) ఇంకా మంచి దారి ఉంది, డొమైన్ పేర్ల వ్యవస్థని చూసుకునే ఐకాన్ సంస్థ వాళ్ళ సీజెడ్‌డీఎస్ సర్వీసులో అప్లై చేస్తే జోన్ ఫైల్స్ (ఒక ఎక్స్‌టెన్షన్‌లో నేమ్ సర్వర్లు ఉన్న పేర్ల లిస్టులు) ఫ్రీగా ఇస్తారు, అప్పుడు ఎవర్నీ అడక్కుండా మన మెషీన్‌లోనే పోల్చుకోవచ్చు.

కానీ డీఎన్ఎస్‌లో లేనంత మాత్రాన ఖాళీ అని కాదు. నేమ్ సర్వర్లు పెట్టకుండా కొని ఉంచినవి, హోల్డ్‌లో పడినవి (పనిచెయ్యకుండా ఆపేసినవి) కూడా కనపడవు. ఎక్స్‌పైర్ అయిన డాట్ కామ్ డిలీట్ అయ్యాక 30 రోజులు రిడెంప్షన్‌లో (పాత ఓనర్ వెనక్కి తీసుకోగల గడువు), ఇంకో 5 రోజులు పెండింగ్ డిలీట్‌లో ఉంటుంది, ఆ టైములో జోన్‌లో ఉండదు, అలాగని మనం కొనలేం కూడా. అందుకే మిగిలినవాటికి రిజిస్ట్రీని అడగాల్సిందే. నా లిస్టులో అలా మిగిలింది 9,000 చిల్లర.

ఇప్పుడు దీనికి ఆర్‌డాప్ (హూఈజ్ బదులు వచ్చిన కొత్త పద్ధతి) వాడుతున్నా, పెద్ద మార్పు అదే. ఇది హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంది కాబట్టి అంతకుముందు మూలన పడేసిన 443 ప్రాక్సీలే పనికొచ్చాయి, పైగా ఏ సర్వర్‌కి వెళ్తున్నామో ప్రాక్సీకి తెలుస్తుంది గానీ ఏ పేరు అడిగామో తెలీదు, సర్టిఫికెట్ చెకింగ్ మాత్రం ఆఫ్ చెయ్యకూడదు. జవాబు కూడా కోడ్‌లో వస్తుంది. 200 అంటే రిజిస్టర్ అయింది, 404 అంటే వాళ్ళ దగ్గర లేదు, 429 అంటే ఎక్కువ అడిగావు ఆగు. నేను 404ని మాత్రమే ఖాళీగా లెక్కేస్తా, టైమౌట్, 403, 429, ఖాళీ జవాబు అన్నీ 'తెలీదు' అనే మూడో గుంపులోకి పోయి మళ్ళీ క్యూలో పడతాయి. మీ టూల్‌లో ఈ మూడో గుంపు లేకపోతే దాన్ని మార్చండి, ఎన్ని ప్రాక్సీలు కొన్నా లాభం లేదు. జీటీఎల్‌డీలకి హూఈజ్ నడపాలన్న నిబంధన కూడా 2025 జనవరి 28న పోయింది, పాత టూల్స్ పట్టుకుని కూర్చునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

స్పీడ్ లెక్క చూస్తే, 20 ప్రాక్సీలు, ఒక్కోటి 10 సెకన్లకి ఒక ప్రశ్న, అంటే గంటకి 7,200. నా 9,000 గంటన్నరలోపే అయిపోయింది. 50 థ్రెడ్స్ ఎందుకు మరి? 429 రాగానే ఆ ప్రాక్సీని అరగంట పక్కన పెడతా, మిగతావాటి మీద దాని భారం వెయ్యను. రిజిస్ట్రీ వాళ్ళ షరతుల్లో ఆటోమేటిక్‌గా పెద్ద ఎత్తున అడగొద్దని రాసి ఉంటే ఆ టీఎల్‌డీని (ఎక్స్‌టెన్షన్‌ని) లిస్టులోంచి తీసేస్తా, దానికి జోన్ ఫైల్‌తో ఎంతవరకు తెలిస్తే అంతే. ప్రాక్సీ ఉంది కదా అని షరతులు మారిపోవు.

ప్రతి ప్రాక్సీకీ పని మొదలెట్టేముందు రెండు పేర్లు ఇస్తా. ఎగ్జాంపుల్ డాట్ కామ్ ఎప్పుడూ రిజర్వ్ అయి ఉంటుంది, దానికి 200 రావాలి. కీబోర్డ్ మీద ఇష్టమొచ్చినట్టు కొట్టిన 30 అక్షరాల పేరు ఇంకోటి, దానికి 404 రావాలి. రెండిట్లో ఒకటి తప్పినా ఆ ప్రాక్సీ ఆ రోజుకి బయటే. మధ్యలో ప్రతి 200 ప్రశ్నలకీ ఒకసారి ఇవే మళ్ళీ పంపిస్తా, ఒకసారి అలాగే సగంలో పాడైన రెండు ప్రాక్సీలు దొరికాయి.

ఆర్‌డాప్ లేని సీసీటీఎల్‌డీలు (దేశాల ఎక్స్‌టెన్షన్లు) ఇంకా చాలా ఉన్నాయి. వాటిని వేరే ఫైల్లో పెట్టి, ప్రాక్సీ లేకుండా హూఈజ్‌తోనే నా సొంత ఐపీ నుంచి ఒకే ఒక్క థ్రెడ్‌తో రాత్రిపూట వదిలేస్తున్నా, జవాబు టెక్స్ట్ మొత్తం సేవ్ చేసుకుని పొద్దున నేనే చదువుతా.