బాప్తిస్మానికి ముందు నేను రాసుకెళ్లిన కాగితం

మాది ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ పక్క ఊరు. రొయ్యల చెరువు మీద కాపలా ఉంటూ, యజమాని నమ్మి అప్పజెప్పిన మేత బస్తాలనే రాత్రిళ్లు దాటించి, ఆ డబ్బుతో తాగేవాడిని. దొరికాను. పని పోయింది, నా భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. చర్చికి వెళ్తే తిరిగొస్తుందేమోనని వెళ్లాను, అంతే.

ఒక ఆదివారం బైబిల్లో ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం చదివారు. పాపాల్లో చచ్చినవాళ్లని దేవుడే బతికించాడు, అది మనవల్ల కలిగింది కాదు అని. చచ్చినవాడు తనంతట తను లేవడు కదా! ఆ మాట వారమంతా నన్ను వదల్లేదు.

మూడు నెలలు పాస్టర్ అయ్యగారు కూర్చోబెట్టి బోధించాక, సంఘ పెద్దల ముందు సాక్ష్యం చెప్పాలన్నారు. టెన్షన్‌తో నోట్‌బుక్ కాగితం చించి పదకొండు లైన్లు రాసుకెళ్లాను: తాగుడు మానాను, బస్తాల డబ్బు సగం కట్టాను, ఇలాంటివే. ఒక పెద్దాయన అంతా చదివి, మడిచి, కళ్లజోడు పెట్టె కింద పెట్టారు.

"మంచిదే నాయనా. మానాలనే మనసు నీకెవరిచ్చారు?"

నాకు మాట రాలేదు. చివరికి, మొదట వచ్చింది దేవుడి కోసం కాదండీ, ఆమె కోసం అని చెప్పేశాను. ఇక ఒప్పుకోరనుకున్నాను. ఎందుకంటే 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు గానీ, తిండి కోసం వస్తారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడని చిన్నప్పటినుంచీ వింటున్నదే.

పెద్దాయన కూడా అదే ఎత్తారు. "ఆపాడు, నిజమే. తర్వాత 1878 జులై 3న ఈ గుండ్లకమ్మలోనే, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఆకలి తెలియనివాడు ఎవడు? ఆకలి లాక్కొచ్చినా, ఆలి లాక్కొచ్చినా, ఆ తాడు దేవుడి చేతిలోదే నాయనా."

నేను ఏడ్చాను. ఆయన కాగితం తిరిగివ్వలేదు, నేనూ అడగలేదు.

డిసెంబర్‌లో, పొద్దున్నే, నడుం లోతు నీళ్లు. అయ్యగారి చెయ్యి నా వీపు కింద ఉంది. నేను వెనక్కి ఒరిగాను, అంతే, ముంచిందీ లేపిందీ ఆ చెయ్యే.

ఆమె ఇంకా రాలేదు. మిగతా బస్తాల డబ్బు సంక్రాంతికి కడతానని యజమానికి చెప్పాను.