టిల్లర్ కుదిరితేనే ప్రయాణం హాయి

వేల్స్‌లో చర్క్ నుంచి లాంగోలెన్ దాకా కాలువ మీద నారోబోట్‌లో, అంటే ఇరుకు కాలువల కోసం చేసిన సన్నటి బోటులో వెళ్లాలని చాలాకాలంగా అనుకుంటున్నాం, ఈ వేసవిలో కుదిరింది. బోటు వెడల్పు ఏడడుగులు కూడా ఉండదు, మాది పొడవు మాత్రం 57 అడుగులు. అంత పొడుగు ఇనుప బోటుని వెనక నిలబడి ఒక్క కడ్డీతో తిప్పాలి, దాన్నే టిల్లర్ అంటారు. చుక్కాని నుంచి పైకొచ్చే వంపు గొట్టానికి ఇత్తడి కడ్డీ తగిలించి పిన్ను గుచ్చుతారు, చివర చెక్క పిడి ఉంటుంది.

మావారిది ఆరడుగుల ఎత్తు, నేను ఐదడుగులు. ఆయనకి మోచేతి ఎత్తులో ఉన్న పిడి నాకు భుజానికి కాస్త కింద తగిలింది, అలా చెయ్యెత్తి పట్టుకుంటే కాసేపటికే భుజం లాగేస్తుంది. బోటు అప్పగించడానికి వచ్చిన పెద్దాయనకి చెబితే పిన్ను తీసి, పైకి వంగి ఉన్న కడ్డీని తిరగేసి వంపు కిందికి వచ్చేలా పెట్టారు, ఒక రంధ్రం ముందుకి జరిపారు కూడా. కడ్డీ పొడుగైతే తిప్పడం తేలిక, కానీ మలుపులో పిడి చాలా దూరం ఊగుతుంది, నిలబడే చోటు సరిపోదు. పొట్టిదైతే చెయ్యి నొప్పెడుతుంది. నాకు రెండూ సరిపోయేలా కుదిరింది. కాళ్ల కింద చెక్క పీట కూడా ఇస్తామన్నారు గానీ వంతెనల కింద తల తగులుతుందని వద్దన్నాను.

ఒక్క మాట మాత్రం ఆయన గట్టిగా చెప్పారు, టిల్లర్ ఊగే దారిలో ఎప్పుడూ నిలబడొద్దని. రివర్స్‌లో చుక్కాని గట్టుకో రాయికో తగిలితే కడ్డీ ఒక్కసారిగా విసురుగా తిరిగి మనిషిని నీళ్లలోకి తోసేస్తుంది.

పిడి కుడికి నెడితే బోటు ఎడమకి తిరుగుతుంది, ఇది తొందరగానే అలవాటవుతుంది. అసలు తెలియాల్సింది ఇంజన్ సంగతి: ప్రొపెల్లర్ తోసే నీళ్లు చుక్కానికి తగిలితేనే బోటు మన మాట వింటుంది, భయమేసి న్యూట్రల్‌లో పెడితే టిల్లర్ ఎంత తిప్పినా దాదాపు లాభం ఉండదు. అందుకే మలుపులో కాస్త ఇంజన్ పెంచాలి.

పాంట్‌కసల్తే అక్విడక్ట్ మీద, అంటే కాలువని నది మీదుగా దాటించే వంతెన మీద నేనే నడిపాను. టెల్‌ఫోర్డ్, జెస్సప్ అనే ఇంజనీర్లు కట్టి 1805లో తెరిచిన ఈ ఇనుప తొట్టి డీ నది మీద 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల పొడవున ఉంటుంది, 2009లో యునెస్కో జాబితాలో చేరింది. ఒక వైపు నడకదారి, కమ్మీలు. రెండో వైపు తొట్టి అంచు తప్ప ఏమీ లేదు, పక్కకి చూస్తే నేరుగా లోయే! తొట్టిలో బోటు దానంతటదే తిన్నగా పోతుంది, పిడి మీద చెయ్యి వదులుగా ఉంచితే చాలు. అది దాటగానే ట్రెవర్ అనే ఊరి దగ్గర ఎడమకి బాగా ఇరుకు మలుపు, అక్కడ మాత్రం పిడిని చివరిదాకా నెట్టాలి, కడ్డీ ఎత్తు కుదిరి ఉండబట్టి ఒంటి బరువంతా దాని మీద వేయగలిగాను.

ఆ తర్వాత లాంగోలెన్ వైపు ఎదురు ప్రవాహం, కొన్నిచోట్ల ఒక్క బోటే పట్టే దారి, ఎవరో ఒకరు ముందు నడిచి అవతల బోటు వస్తోందేమో చూడాలి. నడిపేవాళ్లు మారినప్పుడల్లా మేం బోటు ఆపి కడ్డీ తిరగేసుకున్నాం. బయలుదేరేటప్పుడే ఇంకో పిన్ను అడిగి దగ్గర పెట్టుకోండి, అది నీళ్లలో పడితే దొరకదు.