డెట్రాయిట్ ఇంటి నుంచి మెంఫిస్ సినిమా హాలు దాకా

డెట్రాయిట్ వెస్ట్ గ్రాండ్ బులివార్డ్‌లోని 2648 నంబరు ఇంటిని బయట నుంచి చూస్తే, అమెరికా పాప్ చార్టులను ఏలింది ఇక్కడి నుంచేనంటే నమ్మబుద్ధి కాదు. మామూలు రెండంతస్తుల ఇల్లు, ముందు ‘హిట్స్‌విల్ యూఎస్ఏ’ అన్న అక్షరాలు. మోటౌన్ రికార్డు కంపెనీ ఇల్లు ఇదే, ఇప్పుడు మ్యూజియం. ఆ చుట్టుపక్కల ట్రాయ్, నోవైలలో తెలుగువాళ్లకు కొదవ లేదు. చుట్టాలొస్తే నయాగరా దాకా తిప్పుతారు గానీ ఇటు తీసుకురారు. టికెట్ ముందే తీసుకుని వెళ్లండి, లోపలంతా గైడ్ వెంటే తిరగాలి.

బెర్రీ గోర్డీ 1959లో ఇంటివాళ్ల ఉమ్మడి నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని మోటౌన్ మొదలుపెట్టాడు. పాటలెక్కువగా పుట్టింది ఈ ఇంట్లోని ‘స్టూడియో ఎ’లో. పైనుంచి వేలాడే వైర్ల వల్ల వాద్యకారులు దాన్ని ‘స్నేక్‌పిట్’ అనేవాళ్లు. గది ఇరుకు, కాబట్టి గిటార్లకు ఎవరి యాంప్ (శబ్దం పెంచే పెట్టె) వాళ్లు పెట్టుకోలేదు. అన్నిటినీ నేరుగా శబ్దాలను కలిపే మిక్సింగ్ బోర్డుకే తగిలించి, ఒకే స్పీకర్‌లో వినేవారు. మోటౌన్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితో మీటిన బేస్ గిటార్ కారు రేడియోలో కూడా తేటగా పలకడానికి ఇదీ ఒక కారణం. దానిమీద చాలా పాటల్లో తాళంలోని నాలుగు దెబ్బలకూ స్నేర్ డ్రమ్, రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ టాంబరిన్. మన కంజీరకు చుట్టమే అది.

ఒకచోట గైడ్ మమ్మల్ని ఆపి, పైకప్పులో ఉన్న రంధ్రం కింద నిలబడి చప్పట్లు కొట్టమన్నారు. చప్పుడు అటకలోకి ఎక్కి, సాగి, గుండ్రంగా మారి తిరిగొచ్చింది. మోటౌన్ పాటల్లో వినిపించే ప్రతిధ్వని గది ఆ అటకే.

ఇలాంటి శబ్దం పక్కన బతకడం పోటీదారులకు కష్టమే. అదే ఊళ్లోని గోల్డెన్ వరల్డ్ స్టూడియో మోటౌన్ వాద్యకారులనే చాటుగా పిలిపించుకుని రికార్డులు చేసేది. గోర్డీ 1966లో ఆ స్టూడియోనే కొనేసి ‘స్టూడియో బి’ చేసుకున్నాడు. షికాగోవాళ్లదీ అదే దారి. 1967లో అక్కడ గాయకుడు జాకీ విల్సన్ పాడిన ‘హయ్యర్ అండ్ హయ్యర్’ పాటలో ఊపు డెట్రాయిట్ నుంచి వచ్చిన మోటౌన్ వాద్యకారుల చేతులదే.

మోటౌన్‌కు ఎదురు నిలిచిన స్టాక్స్ రికార్డు కంపెనీది మెంఫిస్. అక్కడికి సిన్సినాటి, లూయీవిల్, నాష్‌విల్ మీదుగా దాదాపు 1,200 కిలోమీటర్లు. ఒక్క రోజులో నడపాలని చూడకండి, లూయీవిల్‌లో రాత్రి ఆగండి.

మెక్‌లెమోర్ అవెన్యూలోని స్టాక్స్ స్టూడియో ఒకప్పుడు సినిమా హాలు. పాత భవనాన్ని 1989లో కూల్చేశారు. ఇప్పుడున్నది అదే స్థలంలో కట్టి 2003లో తెరిచిన మ్యూజియం. స్టూడియో నేలను మాత్రం పాత వాలుతోనే కట్టారు. వేదిక వైపు నడుస్తుంటే పిక్కలకే తెలుస్తుంది. వాలు నేల, ఎత్తు కప్పు కలిసి శబ్దాన్ని విప్పేస్తాయి, మోటౌన్ బిగింపు ఇక్కడ రాదు. అందరూ ఒకేసారి వాయించేవారు, నొటేషన్ రాసుకోకుండా అక్కడికక్కడే అల్లుకునేవారు. 1965 నుంచి స్టాక్స్ డ్రమ్మర్ అల్ జాక్సన్ రెండో దెబ్బనూ నాలుగో దెబ్బనూ వెంట్రుకవాసి ఆలస్యంగా వేయడం మొదలుపెట్టాడు. గుమ్మం పైన పెట్టిన ‘సోల్స్‌విల్ యూఎస్ఏ’ అనే బోర్డు డెట్రాయిట్‌కు సూటి జవాబు.

ఈ ఎదురు నిలవడం సగం మాటే అని నాకనిపిస్తుంది. సినిమా హాలు మిఠాయి కౌంటర్‌ను స్టాక్స్ యజమానుల్లో ఒకరైన ఎస్టెల్ ఆక్స్‌టన్ రికార్డుల కొట్టుగా మార్చి, పిల్లలు ఏం కొంటున్నారో గమనించేది. ఆ రికార్డులే తమ పాటల రచయితలకు వినిపించేది. వాళ్లలో ఒకడైన డేవిడ్ పోర్టర్ మోటౌన్ పాటలను విడదీసి చూసి పాట కట్టే తీరు నేర్చుకున్నాడు. 1968లో ఏకంగా డెట్రాయిట్ నిర్మాత డాన్ డేవిస్‌నే తెచ్చుకున్నారు. ఆ ఏడాదే స్టాక్స్ గాయకుడు జానీ టేలర్‌కు పెద్ద హిట్ దక్కింది. కానీ ఒకేసారి వాయించే పద్ధతి సడలిపోయింది, ఒక వాద్యం మీద ఇంకోటి విడిగా చేర్చడం పెరిగింది. 1969లో ఒకే ఊపున 27 ఆల్బమ్‌లు విడుదల చేశారు. ఫ్యాక్టరీ లెక్క డెట్రాయిట్‌దే, ఏ పాట బయటికి వెళ్లాలో తేల్చే దాని వడపోత మాత్రం రాలేదు. 1975 చివరికి స్టాక్స్ దివాలా తీసింది.

తిరుగు దారిలో కారులో ‘మై గర్ల్’ రెండు రకాలుగా విన్నాం. ముందు మోటౌన్ బృందం టెంప్టేషన్స్ పాడింది: జేమర్సన్ బేస్, మెట్లెక్కినట్టు సాగే గిటార్ స్వరాలు, ఆపైన పొంగే వయొలిన్లు. తర్వాత 1965లో స్టాక్స్‌లో ఓటిస్ రెడ్డింగ్ పాడింది. గిటార్ స్వరాలు అవే. వయొలిన్లు ఉండాల్సిన చోట ట్రంపెట్, శాక్సఫోన్లు వచ్చి కూర్చున్నాయి.